హైస్కూలు పిల్లలకు ఇంజినీరింగ్ రుచి చూపించాలంటే: తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఏ దారి ఎవరికి

మన జిల్లాల్లో తొమ్మిదో తరగతి పిల్లల్ని పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే, సగం మంది తడుముకోకుండా ఇంజినీరు అంటారు. ఇంజినీరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం పని చేస్తాడని అడిగితే మాత్రం మాట రాదు. ఆ తప్పు పిల్లలది కాదు. ఇంట్లోనూ బళ్లోనూ వాళ్ల చెవిన పడేవి ర్యాంకు, సీటు, ప్యాకేజీ అనే మాటలే. ఒక వస్తువు ఎందుకు పనిచేయడం లేదో కనిపెట్టడం, దాన్ని విప్పి మళ్లీ బిగించడం, ఉన్న డబ్బులో ఉన్న సామానుతో ఒక అవసరాన్ని తీర్చడం అనే అసలు పని వాళ్ల కంటబడే సందర్భాలు చాలా తక్కువ.

ఆ పనిని చూపించడానికి మన చుట్టూ దారులకు కొదవ లేదు. అలిపిరి దగ్గర విజ్ఞాన కేంద్రం, గాదంకిలో రాడార్, శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం, కుప్పంలో అగస్త్య ఫౌండేషన్, ఏర్పేడులో ఐఐటీ, ఊరికొకటి అన్నట్లుగా ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ఏడాదిలో ఒకటి రెండు రోజులు, కొద్దిపాటి డబ్బు మాత్రమే చేతిలో ఉన్న ప్రధానోపాధ్యాయులకూ, పిల్లల్ని దేనికి పంపాలో తేల్చుకోలేని తల్లిదండ్రులకూ, బడులకు వెళ్లి ఏదైనా చేయాలనుకునే కాలేజీ అధ్యాపకులకూ వీటిలో ఏది ఎంచుకోవాలన్నదే చిక్కు. ఈ పోలిక ఆరు నుంచి పది తరగతుల పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినది.

## ముందుగా దేన్ని బట్టి తూచాలి

అన్నిటికంటే ముందు చూడవలసినది, పిల్లల చేతులు ఎంతసేపు పనిలో ఉంటాయన్నది. గంటసేపు చూసిన యంత్రం కంటే పది నిమిషాలు విప్పిన టార్చిలైటు ఎక్కువ నేర్పుతుంది. విప్పినవాడికి ప్రశ్న తనంతట తానే పుడుతుంది, చూసినవాడికి ఎవరో అందించాలి.

రెండోది, ఆ పని మళ్లీ జరుగుతుందా అన్నది. ఇంజినీరింగ్‌లో మొదటిసారి చేసినది సాధారణంగా పనిచేయదు. ఎందుకు పనిచేయలేదో ఆలోచించి రెండోసారి మార్చి చేయడంలోనే ఆ విద్య ఉంది. ఒక్కరోజు కార్యక్రమంలో ఆ రెండోసారికి చోటుండదు. కనుక ఎంత గొప్ప సందర్శనమైనా, దాని వెనుక మరుసటి వారం బడిలో ఏం జరగబోతోందో తెలియకుండా దానికి ఎక్కువ మార్కులు వేయకూడదని నా అభిప్రాయం.

మూడోది, ఎంతమందికి అందుతుందన్నది. కొన్ని దారులు తరగతి మొత్తానికి తెరుచుకుంటాయి, కొన్ని మండలానికి ఒకరిద్దరికి. నాలుగోది, ఆ పని చేసే మనిషితో పిల్లలు తమ తెలుగులో మాట్లాడగలరా అన్నది. ఖర్చు, ప్రయాణం, అనుమతులు ఐదోది. ప్రభుత్వ బడులకు ఆచరణలో ఇదే మొదటి అడ్డంకి కావచ్చు గానీ, ఎంపికను దీనితో మొదలుపెడితే దగ్గరగా ఉన్నదే మంచిదన్న తీర్మానానికి తొందరగా వచ్చేస్తాం.

## చూసి వచ్చే చోట్లు: అలిపిరి, గాదంకి, శ్రీహరికోట

జాతీయ విజ్ఞాన మ్యూజియాల మండలి నడిపే ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం అలిపిరి దగ్గర ఉంది. తిరుపతి చుట్టుపక్కల మండలాల బడులకు ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగి రాగల దూరం. ఆరు, ఏడు తరగతులవారికి ఇది సరిగ్గా సరిపోతుంది. మీటలు నొక్కి, చక్రాలు తిప్పి, అద్దాల్లో చూసి తెలుసుకునే ప్రదర్శనలు ఆ వయసుకు నచ్చుతాయి. అయితే అక్కడ పిల్లలు ఎదుర్కొనేది ప్రధానంగా విజ్ఞానశాస్త్ర సూత్రాలను. దాన్ని ఇంజినీరింగ్ వైపు తిప్పాలంటే ఉపాధ్యాయులు ముందే ఒక పని అప్పగించాలి. ఒక్కో జట్టు ఒక్కో ప్రదర్శనను ఎంచుకుని, అది లోపల ఎలా తయారై ఉంటుందో బొమ్మ గీసుకుని రావాలి. మరుసటి వారం అట్టముక్కలతో దాని నమూనా చేయాలి. అరవై మందిని వరుసలో నడిపించి అన్నీ చూపించడం కంటే ఇది ఎంతో మేలు.

గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో నలభై కిలోమీటర్లలోపే ఉంది. కేంద్ర అంతరిక్ష శాఖ కింద పనిచేసే ఈ సంస్థలోని ఎంఎస్‌టీ రాడార్ గురించి మన జిల్లాల పిల్లల్లో చాలామందికి తెలియకపోవడం బాధ కలిగిస్తుంది. సుమారు 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న స్థలంలో 1,024 యాంటెన్నాలతో దాన్ని కట్టారు. 53 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంలో రేడియో తరంగాలను పైకి పంపి, గాలి పొరల నుంచి తిరిగి వచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనులను పట్టుకుని, ఎంత ఎత్తులో గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంతో వీస్తోందో అది చెబుతుంది. చంద్రగిరి కొండల మీద కమ్ముకునే మబ్బును రోజూ చూసే పిల్లవాడికి, ఆ మబ్బు పైన గాలిని కొలిచే యంత్రం పక్క ఊళ్లోనే ఉందని తెలియడం చిన్న విషయం కాదు. అయితే ఇది పరిశోధన సంస్థ. ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి. ఫిబ్రవరి 28న వచ్చే జాతీయ విజ్ఞాన దినోత్సవం దగ్గరపడుతుండగా ప్రయత్నించడం మంచిది. ఎనిమిదో తరగతి, ఆపైవారికే దీన్ని ఎంచుకోవాలి. ధ్వని, తరంగాలు అన్న పాఠాలు చదవని పిల్లలకు అది ఇనుప కడ్డీల పొలంలా కనిపిస్తుంది.

శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోదే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట ప్రాంతం నెల్లూరు నుంచి ఇటు వచ్చింది. ప్రయోగాలను ప్రజలు చూడటానికి 2019 నుంచి అక్కడ గ్యాలరీ ఉంది, ఆన్‌లైన్‌లో ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి. రాకెట్ లేవడం కళ్లారా చూసిన పిల్లలు దాన్ని జీవితాంతం మరిచిపోరు, ఆ ఉత్సాహాన్ని తక్కువ చేయను. కానీ తిరుపతి నుంచి సుమారు వంద కిలోమీటర్లు వెళ్లాలి, బస్సు మాట్లాడుకోవాలి, అంతా అయ్యాక ప్రయోగం వాయిదా పడవచ్చు కూడా. 2019 జులై 15న చంద్రయాన్-2 ప్రయోగాన్ని మరో 56 నిమిషాలుందనగా ఆపివేసి, లోపం సరిచేసి, జులై 22న పంపారు. నిజానికి పిల్లలకు చెప్పవలసిన ఇంజినీరింగ్ పాఠం ఆ వారం రోజుల్లోనే ఉంది. దాన్ని బడిలో కూర్చుని కూడా చెప్పుకోవచ్చు. ప్రయోగం కోసమే తరగతి మొత్తాన్ని తీసుకువెళ్లడం కంటే, ప్రయోగం లేని రోజున సందర్శనకు అనుమతి సంపాదించడం బడులకు సురక్షితం.

## ఇంటి ముందుకే వచ్చేవి: సంచార ప్రయోగశాల, కాలేజీ విద్యార్థులు

1999లో మొదలైన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు కుప్పం దగ్గర 172 ఎకరాల ప్రాంగణం ఉంది. ప్రయోగ పరికరాలతో నిండిన వాహనాలను పల్లె బడులకు పంపడం, పిల్లల్లోనే కొందరిని తోటివారికి బోధించే నాయకులుగా తీర్చిదిద్దడం ఆ సంస్థ పద్ధతి. కుప్పం, పలమనేరు వైపు బడులకు ఇంతకంటే దగ్గరి సాయం లేదు. తిరుపతి వైపువారికి మాత్రం ఆ ప్రాంగణానికి వెళ్లిరావడం ఒక రోజులో తేలిక కాదు. చిత్తూరు నుంచే సుమారు వంద కిలోమీటర్ల దారి. పరికరాలన్నీ చవక వస్తువులతో చేసినవి కావడం ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన విషయం. ఇంటికెళ్లి మళ్లీ చేసుకోవచ్చన్న ధైర్యం పిల్లలకు కలుగుతుంది.

ఇక కాలేజీ విద్యార్థులు బడికి రావడం. అన్నిటిలోకీ ఎక్కువ ఫలితమిచ్చేది ఇదేనని, అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేదీ దీన్నేనని నా గట్టి నమ్మకం. ఎస్వీ విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల, 2015లో మొదలైన ఐఐటీ, ప్రైవేటు కాలేజీలు, పాలిటెక్నిక్‌లు కలిపి తిరుపతి చుట్టూ వేలమంది విద్యార్థులున్నారు. వీరిలో చాలామంది ఇలాంటి పల్లె బడుల్లో చదివి వచ్చినవారే. సాధారణంగా జరిగేదేమిటంటే, ఏడాదికోసారి ఒక బృందం బ్యానర్‌తో వస్తుంది, గంటసేపు స్లైడ్లు చూపిస్తుంది, బిస్కెట్లు పంచి ఫోటో దిగి వెళుతుంది. పిల్లలకు మిగిలేది బిస్కెట్టే.

దానికి బదులు, అవే నలుగురు విద్యార్థులు అదే తరగతికి పదిహేను రోజులకోసారి శనివారం మధ్యాహ్నం వస్తే పరిస్థితి మారిపోతుంది. మొదటిసారి పాత వార్తాపత్రికలను చుట్టి, రెండు బెంచీల మధ్య వంతెన కట్టించి, దాని మీద ఎన్ని పుస్తకాలు నిలుస్తాయో చూడాలి. కూలిన వంతెన ఎక్కడ వంగిందో గీయించాలి. రెండోసారి అదే వంతెనను మళ్లీ కట్టించాలి. ఆ రెండోసారి తరగతి గదిలో వచ్చే సందడి వేరు. మూడోసారి బ్యాటరీ, చిన్న మోటారు, ఎల్ఈడీ. నాలుగోసారి పిల్లల ఊరి నుంచే ఒక సమస్య తీసుకోవాలి.

ఇక్కడ మన పల్లె పిల్లలకు పట్టణపు పిల్లలకు లేని పెట్టుబడి ఒకటుంది. పొలంలో బోరు మోటారు ఎలా ఆన్ అవుతుందో, త్రీ ఫేజు కరెంటు ఏ వేళల్లో వస్తుందో, స్టార్టరు డబ్బా ఎందుకు టక్కుమంటుందో, డ్రిప్ పైపులో ఉప్పు పేరుకుంటే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. కాలిపోయిన పాత స్టార్టరు ఒకటి తెచ్చి, కరెంటుతో ఏ సంబంధమూ లేకుండా బల్ల మీద పెట్టి విప్పించి, లోపలి తీగచుట్ట అయస్కాంతమై రేకును ఎలా లాగుతుందో చూపిస్తే, విద్యుదయస్కాంతం పాఠం నాన్నగారి పొలంలోకి నడిచి వెళుతుంది. ఆ పిల్లవాడికి ఇంజినీరింగ్ అప్పటికే సగం తెలుసునన్న సంగతి, అతనికి మొదటిసారి అప్పుడే తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు అవసరం. బ్యాటరీతో తప్ప గోడ ప్లగ్గు కరెంటుతో ఏ ప్రయోగమూ పిల్లల చేత చేయించకూడదు. టంకం పని పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసిన జట్టులో స్క్రూడ్రైవరు మగపిల్లల చేతికి, నోటుపుస్తకం ఆడపిల్లల చేతికి చేరడం చాలా తరగతుల్లో కనిపిస్తుంది. జట్లు విడిగా వేయడమో, పనిముట్టును వంతులవారీగా మార్చడమో తప్పక చేయాలి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం నుంచో, పద్మావతి మహిళా పాలిటెక్నిక్ నుంచో మల్టీమీటరు పట్టుకుని ఒక అక్క వస్తే, ఏడో తరగతి అమ్మాయికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

పాలిటెక్నిక్ వర్క్‌షాపును పట్టించుకునేవారు తక్కువ. లేతు యంత్రం, ఆకురాయి, వెల్డింగ్, చెక్కపని అన్నీ ఒకేచోట కనిపించే స్థలం అది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ అనే దారి కూడా ఉందని, పది తర్వాత నేరుగా డిప్లొమాలో చేరవచ్చని అక్కడే అర్థమవుతుంది.

## బడిలోనే ఉండేది: అటల్ టింకరింగ్ ల్యాబ్

టింకరింగ్ ల్యాబ్ అంటే పిల్లలు తమ చేతులతో విప్పి, బిగించి, కొత్తవి చేసి చూసుకునే గది. 2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దీనికి ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు వస్తుంది. అందులో 10 లక్షలు ల్యాబ్ ఏర్పాటుకు, మిగతాది ఐదేళ్ల నిర్వహణకు. త్రీడీ ప్రింటరు, సెన్సార్లు, ప్రోగ్రాము రాసి నడిపించే చిన్న ఆర్డ్యునో బోర్డులు, చేతి పనిముట్లు అన్నీ వస్తాయి. ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు.

చేతిపని, పునరావృతి అన్న రెండు కొలమానాల్లోనూ దీనికి సాటి లేదు, గది తెరిచి ఉంటే. మీ పిల్లల్ని ల్యాబ్ ఉందన్న కారణంతో ఒక బడిలో చేర్చాలనుకుంటే, ప్రింటరు చూసి సంతోషపడకుండా ఈ సంగతులు అడగండి: తాళం ఎవరి దగ్గర ఉంటుంది, టైంటేబుల్లో వారానికి ఎన్ని పీరియడ్లు ఉన్నాయి, బాధ్యత చూసే ఉపాధ్యాయులు బదిలీ అయితే రెండోవారు ఎవరు, కాలిపోయిన బోర్డును మార్చడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది. పిల్లలు పాడుచేసిన భాగాల పెట్టె ఒకటి గదిలో కనిపిస్తే ఆ ల్యాబ్ బతికి ఉన్నట్టే. సామాను మెరుస్తూ ఉంటే అనుమానించాలి.

## కొద్దిమందికి తెరుచుకునేవి: ఇన్‌స్పైర్ మనక్, యువిక

ఇన్‌స్పైర్ మనక్ బడి పిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ పథకం. దీనికి ప్రతి బడీ ఐదు ఆలోచనలను పంపవచ్చు. ఎంపికైన విద్యార్థి బ్యాంకు ఖాతాలో నమూనా తయారీకి 10,000 రూపాయలు పడతాయి, తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలు ఉంటాయి. దీని విలువ బహుమతిలో కంటే ఆ ఐదింటిని ఎలా ఎంచుతారన్న దానిలో ఉంది. తరగతిలో అందరి చేతా తమ ఇంట్లో, వీధిలో కనిపించే ఒక ఇబ్బందిని రాయించి, చర్చ పెట్టి ఎంచితే మొత్తం తరగతికీ మేలు జరుగుతుంది. ఉపాధ్యాయులే ఇంటర్నెట్లో వెతికి ఐదుగురి పేర్లు వేస్తే ఆ ఐదుగురికీ మేలు జరగదు.

ఇస్రో 2019లో ప్రారంభించిన యువిక తొమ్మిదో తరగతివారికి వేసవిలో రెండు వారాల ఆశ్రమ శిక్షణ. ప్రయాణం, బస ఖర్చు ఇస్రోయే భరిస్తుంది. ఎనిమిదో తరగతి మార్కులతో పాటు ఆన్‌లైన్ క్విజ్, విజ్ఞాన ప్రదర్శనల్లో పాల్గొనడం వంటివి లెక్కలోకి వస్తాయి, గ్రామ పంచాయతీల పరిధిలోని బడుల పిల్లలకు అదనపు ప్రాధాన్యం ఉంటుంది. మన పల్లె బడుల నుంచి దరఖాస్తులు ఇంకా ఎక్కువగా వెళ్లాలి. అయితే దేశం మొత్తం మీద కొన్ని వందల మందికే చోటున్న కార్యక్రమం కనుక, దీన్ని బడి పథకంగా కాక ఒక్కో విద్యార్థికి అదనపు అవకాశంగా చూడాలి.

## ఖర్చు లేనివి: మన చుట్టూ ఉన్న పనులు

జూన్, జులై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు నడుస్తాయి. తోతాపురి కాయను కడగడం, గుజ్జు తీయడం, వేడిచేసి క్రిములను చంపడం, గాలి చొరకుండా నింపడం అన్న ఒక్కో దశ వెనుకా ఒక్కో ఇంజినీరు నిర్ణయం ఉంటుంది. యాజమాన్యం ఒప్పుకుంటే ఇరవై మందిని తీసుకువెళ్లి చూపించవచ్చు.

తిరుమల ఘాట్ రోడ్డు ఇంకా సులభం. 1944లో వచ్చిన మొదటి ఘాట్ రోడ్డు మీద ప్రతి పిల్లవాడూ ప్రయాణించి ఉంటాడు. సుమారు 700 మీటర్ల ఎత్తును సుమారు 18 కిలోమీటర్ల దారిలో పరిస్తే, దాదాపు ప్రతి 25 మీటర్లకు ఒక మీటరు వాలు. అదే ఎత్తుకు నిటారుగా దారి వేస్తే బస్సు ఏమవుతుంది, మలుపులో రోడ్డు ఒక పక్కకు ఎందుకు ఎత్తుగా ఉంటుంది, దిగేటప్పుడు డ్రైవరు ఎందుకు తక్కువ గేరులో ఉంటాడు, ఎక్కడానికీ దిగడానికీ వేర్వేరు రోడ్లు ఎందుకు అన్న ప్రశ్నలతో రెండు పీరియడ్లు నిండిపోతాయి. నల్లబల్ల చాలు.

## ఫౌండేషన్ కోర్సుల గురించి

ఆరో తరగతి నుంచే మొదలయ్యే ఐఐటీ ఫౌండేషన్ కోర్సులను కూడా కొందరు తల్లిదండ్రులు ఇంజినీరింగ్ మీద ఆసక్తి పెంచే దారిగా ఎంచుకుంటున్నారు. లెక్కలంటే ఇష్టమున్న కొద్దిమంది పిల్లలకు అవి పనికిరావచ్చు. కానీ అవి పోటీ పరీక్షకు తయారు చేసేవి, ఇంజినీరింగ్‌ను పరిచయం చేసేవి కావు. పదకొండేళ్ల పిల్లవాడికి ఏది ఇష్టమో తెలియక ముందే ఆదివారాలన్నీ తీసుకుంటాయి. ఈ పోలికలో పెట్టిన మొదటి రెండు కొలమానాల్లోనూ వాటికి నేను సున్నా ఇస్తాను.

## ఒక్క చూపులో

| దారి | తగిన తరగతులు | చేతిపని | మళ్లీ జరిగేదా | ఎంతమందికి |
|---|---|---|---|---|
| అలిపిరి విజ్ఞాన కేంద్రం | 6, 7 | కొంత | లేదు | తరగతి మొత్తం |
| గాదంకి, శ్రీహరికోట | 8 నుంచి 10 | లేదు | లేదు | ఒక బస్సు |
| సంచార ప్రయోగశాల | 6 నుంచి 9 | బాగా | వాహనం వచ్చేదాన్ని బట్టి | తరగతి మొత్తం |
| కాలేజీ విద్యార్థుల రాక | 7 నుంచి 9 | బాగా | ఒప్పందం ఉంటే | తరగతి మొత్తం |
| టింకరింగ్ ల్యాబ్ | 6 నుంచి 10 | అన్నిటికంటే ఎక్కువ | గది తెరిస్తే | జట్లవారీగా |
| మనక్, యువిక | మనక్ 6 నుంచి. యువిక 9 | ఎంపికైనవారికి | కొంత | కొద్దిమంది |

## ఎవరికి ఏది

ల్యాబ్ లేని జిల్లా పరిషత్ హైస్కూలు ప్రధానోపాధ్యాయులు మీరైతే, బస్సు డబ్బును ఈ ఏడాదికి పక్కన పెట్టి, దగ్గరలోని ఒక కాలేజీ ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) అధికారితో మాట్లాడండి. ఒకే తరగతికి, ఒకే బృందం, పదిహేను రోజులకోసారి అన్న షరతు కాగితం మీద రాయించుకోండి. ఆ పని నాలుగైదు సార్లు సాగాక, ఫిబ్రవరిలో గాదంకికి తీసుకువెళ్లండి. అప్పుడు పిల్లలు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. వరుస తారుమారైతే సందర్శనం విహారయాత్రగా మిగిలిపోతుంది.

తిరుపతి పట్టణంలో ఉండే తల్లిదండ్రులు పిల్లల్ని అలిపిరి కేంద్రానికి సొంతంగా, రద్దీ లేని రోజున, రెండు మూడుసార్లు తీసుకువెళ్లడం మేలు. ఒక్కోసారి ఒక్క గది చాలు. ఇంట్లో పాడైన ఫ్యాను రెగ్యులేటరో, పాత రేడియోనో, ప్లగ్గు తీసి పిల్లల చేతికివ్వండి. పాత టీవీని మాత్రం ఇవ్వకూడదు, దాని లోపల కరెంటు నిలువ ఉంటుంది.

కాలేజీ అధ్యాపకులకు ఒక విన్నపం. పది బడులకు ఒక్కోసారి వెళ్లడం కంటే ఒక్క బడికి పదిసార్లు వెళ్లడాన్ని ఎంచుకోండి. నివేదికలో మొదటిది పెద్దగా కనిపిస్తుందని తెలుసు, అయినా రెండోదాన్నే ఎంచుకోండి. వేళలు కూడా ముందే చూసుకోవాలి. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతి చుట్టూ ప్రయాణం కష్టం, నవంబరులో వానలు, మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, పదో తరగతివారికి సంక్రాంతి తర్వాత తీరికే ఉండదు. కనుక జులైలో మొదలుపెట్టి సెప్టెంబరు 15 ఇంజినీర్ల దినోత్సవం నాటికి పిల్లలు తమ మొదటి నమూనాను తల్లిదండ్రులకు చూపించేలా, మిగతా విడతలు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరుల్లో పడేలా ఏడో, ఎనిమిదో తరగతితో ప్రణాళిక వేసుకోండి. అదే పిల్లలు మరుసటి ఏడాది పై తరగతికి వెళ్లినప్పుడు, మీ రెండో ఏడాది విద్యార్థులు మూడో ఏడాదిలో ఉంటారు, బృందం మారకుండానే పని కొనసాగుతుంది.